పర్సు తీయకుండా విశాఖ చూపించాను!

“అక్క వస్తోందట. మార్గశిర మాసం కదా, బురుజుపేట అమ్మవారిని చూడాలని మొక్కుకుందట. మనవణ్ణి కూడా తీసుకొస్తోంది. నాలుగు రోజులుంటుంది” అన్నారు మావారు ఫోను పక్కన పెడుతూ.

నాకు గుండె గుభేలుమంది. ఆడపడుచు వస్తోందంటే భయపడే మరదల్ని కాదండీ నేను. మా వదినగారు బంగారం. నా భయమల్లా నెలాఖరు గురించే. మావారి కంపెనీలో రెండు నెలలుగా జీతాలు సగం సగం ఇస్తున్నారు. గ్యాసు బండ రావాలి, అబ్బాయి కాలేజీ ఫీజు రెండో వాయిదా కట్టాలి. డబ్బాలో పొదుపు చేసుకున్నవి లెక్క పెడితే పదమూడు వందల రూపాయలు తేలాయి.

దానికి తోడు ఇంకో ముల్లు ఉంది. వదిన మా ఇంటికొచ్చి ఉండటం 2012 తర్వాత మళ్ళీ ఇదే. ఆ ఏడు వేసవిలో పిల్లలతో వచ్చారు. కొత్తగూడెం నుంచి అంత దూరం వచ్చారు, తక్కువ చేయకూడదని మేం రోజంతా ఆటో మాట్లాడాం. కైలాసగిరి మీద రోప్‌వే ఎక్కించాం, సబ్‌మెరైన్ లోపల చూపించాం, రెండు పూటలా హోటల్లో భోజనాలు పెట్టించాం. ఆ రాత్రి అందరూ పడుకున్నారనుకుని వంటింట్లో మావారితో చిట్టీ డబ్బు గురించి గొడవ పడ్డాను. గొంతు కాస్త పెద్దదే చేశాను, ఒప్పుకుంటున్నాను. మర్నాడు పొద్దున్నే వదిన “పిల్లాడికి ట్యూషన్ పోతుందమ్మా” అంటూ రెండు రోజుల ముందే బయల్దేరిపోయారు. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో కలిశాం, చీరలు పెట్టుకున్నాం, నవ్వుతూ మాట్లాడుకున్నాం. మా ఇంట్లో మాత్రం ఒక్క రాత్రి ఉండలేదు.

అందుకే ఈసారి అప్పు చేయకూడదు, ముఖం మాడ్చుకోకూడదు, వదినకి లోటు కనపడకూడదు అని గట్టిగా అనుకున్నాను. పాతికేళ్ళ నుంచి కంచరపాలెంలో కాపురముంటున్నాను. ఈ ఊళ్ళో డబ్బు పెట్టకుండా చూడదగ్గవి ఏమేం ఉన్నాయా అని అబ్బాయి పాత నోటుబుక్కు వెనక పేజీలో రాసుకుంటూ కూర్చుంటే, పేజీ నిండిపోయింది. నాకే ఆశ్చర్యం వేసింది సుమండీ!

ముందు బస్సు సంగతి చెప్పాలి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం వచ్చింది కదా. పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు డబ్బులు లేవు. ఏసీ బస్సులకి వర్తించదు. ఆధార్ కార్డు చూపించి కండక్టరు దగ్గర జీరో టికెట్టు తీసుకోవాలి. ఉచితమే కదా అని టికెట్టు తీసుకోకుండా కూర్చోకూడదు. అంతవరకూ నాకు బీచికి వెళ్ళాలన్నా మావారిని చిల్లర అడగాల్సి వచ్చేది. అడిగితే ఇవ్వరని కాదు, “ఇప్పుడెందుకూ?” అన్న మాట వినాల్సి వచ్చేది. ఆ మాట తప్పింది.

అయితే ఒక మెలిక ఉందండోయ్. వదినది తెలంగాణ ఆధార్. అక్కడ వాళ్ళకి 2023 డిసెంబరు నుంచే మహాలక్ష్మి పథకం ఉంది. “నేను మా ఊళ్ళో రెండేళ్ళ నుంచి జీరో టికెట్టు మీదే తిరుగుతున్నాను, ఇక్కడికొస్తే డబ్బులు కట్టాలా!” అని కండక్టరుతో ఒకటే వాదన. పాపం అతనేం చేస్తాడు? ఏ రాష్ట్రం వాళ్ళకి ఆ రాష్ట్రంలోనే. వదిన టికెట్టు నేను తీశాను.

వచ్చిన మర్నాడే గురువారం. తెల్లవారుజామున నాలుగింటికే లేచి బురుజుపేట వెళ్ళాం. కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి చూడని వాళ్ళకి చెబుతున్నాను. అమ్మవారికి పైకప్పు ఉండదు. ఎండైనా వానైనా ఆకాశం కిందే ఉంటుంది తల్లి. బావిలో దొరికిన విగ్రహమని పెద్దలు చెబుతారు. ఎడమ చెయ్యి ఉండదు. అక్కడ గొప్ప ఏమిటంటే, మామూలు రోజుల్లో వెళితే ఎవరైనా సరే మన చేత్తో మనమే పసుపు కుంకుమలు వేసి, పాలు పోసి, కొబ్బరినీళ్ళు పోసి పూజ చేసుకోవచ్చు. కులం గోత్రం అడిగేవాళ్ళు లేరు. పురిటి స్నానం అయ్యాక పసిపిల్లల్ని తెచ్చి అమ్మవారి పాదాల దగ్గర పడుకోబెడతారు. మా అబ్బాయిని కూడా అలాగే పడుకోబెట్టాం. వాడు కెవ్వుమని ఏడ్చాడు కానీ ఆ ఏడుపు వినడానికి కూడా బాగుంది.

మార్గశిర గురువారాలు మాత్రం ఇసుక వేస్తే రాలనంత జనం. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కూడా రాత్రికి రాత్రే వచ్చేస్తారు. టికెట్టు క్యూలు వేరే ఉంటాయి. మేం ఉచిత దర్శనం వరసలోనే నిలబడ్డాం. మూడు గంటలు పట్టింది. ముందున్న ఒకావిడ వదినకి తన మడత పీట ఇచ్చి కూర్చోమంది. వెనకావిడ పిల్లాడికి అరటిపండు ఇచ్చింది. మొక్కు లేకపోతే మీరు మాత్రం వేరే వారం వెళ్ళండి. తీరుబడిగా, మీ చేత్తో మీరు కుంకుమ వేసుకుని రావచ్చు.

దర్శనమయ్యాక హార్బరు వైపు నడిచాం. ఆ పాత ఊళ్ళో పక్కపక్కనే మూడు చిన్న కొండలున్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, మూడో దాని మీద ఇసాక్ మదీనా బాబా దర్గా. వేంకటేశ్వరస్వామి గుడిని ఒక ఇంగ్లీషు కెప్టెన్ కట్టించాడని చెప్పుకుంటారు. చర్చి ఉన్న రాస్ హిల్ మీద ఏటా డిసెంబరు 8న పండగ జరుగుతుంది. మొక్కులకి అన్ని మతాల వాళ్ళూ వెళతారు. వదిన మోకాళ్ళకి మూడూ ఎక్కడం కుదరదు కాబట్టి వేంకటేశ్వరస్వామి కొండ ఒక్కటే ఎక్కాం, పది మెట్లకోసారి కూర్చుంటూ.

పైనుంచి చూస్తే కింద కాలవలాగా ఓడల దారి, అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ. ఆ కొండే గోడలా అడ్డుండి గాలివానల నుంచి రేవుని కాస్తుందట. 1933లో మొదలైన పోర్టు ఇది. మేం వెళ్ళేసరికి ఒక పెద్ద ఓడ లోపలికొస్తోంది. ముందూ వెనకా చిన్న పడవలు, మధ్యలో మా వీధంత పొడుగున్న ఓడ, చప్పుడు లేకుండా కదులుతోంది. మనవడు నోరు తెరుచుకుని చూస్తూండిపోయాడు. వాడి నోరు మూయించడానికి రైల్లో బిస్కెట్టు పాకెట్లు ఎన్ని ఖర్చయ్యాయో వదిన చెప్పారు లెండి. ఇక్కడ అరగంట సేపు పిల్లాడు ఉలకలేదు, పలకలేదు.

దిగాక ఫిషింగ్ హార్బరు మీదుగా వచ్చాం. చేపల వాసన పడనివాళ్ళు వెళ్ళకండి. పడేవాళ్ళు పొద్దున్నే వెళ్ళాలి. పడవలు దిగిన సరుకు నేల మీద కుప్పలు పోసి వేలం పాడతారు. కొనేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. వేళ్ళతో లెక్కలు కట్టి, మాట మీద మాట పెంచి, గంపలు నింపుకుని వెళ్ళిపోతారు. కేజీ టమాటాలకి పది నిమిషాలు బేరమాడే నేను వాళ్ళ ముందు ఎందుకూ పనికిరాను. 2023 నవంబరులో ఇక్కడే నిప్పంటుకుని నలభై దాకా పడవలు కాలిపోయాయి. ఇప్పుడా ఒడ్డున నిలబడితే ఆ సంగతి చెబితే తప్ప తెలియదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ మరపడవలకి వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలల్లో వెళితే పడవలు కట్టేసి ఉంటాయి.

రెండో రోజు సింహాచలం. అప్పన్నస్వామి గురించి మీకు నేను చెప్పేదేముంది? ధర్మదర్శనం వరసలో వెళ్ళాం, ప్రసాదం తిన్నాం, మధ్యాహ్నం అన్నదానంలో భోంచేశాం, వచ్చాం. కొండెక్కే బస్సుకి ఇచ్చిన డబ్బులు తప్ప ఖర్చు లేదు. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణం ఉంటుందని, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు కొండ చుట్టూ నడుస్తారని, దారిలో ఇళ్ళవాళ్ళు మజ్జిగ, పులిహోర పట్టుకుని నిలబడతారని చెబితే వదిన కళ్ళు పెద్దవి చేశారు. నేను ఒక్కసారే నడిచాను. వారం రోజులు కాళ్ళకి నువ్వులనూనె మర్దనా!

మూడో రోజు బీచి. అందరూ సాయంత్రం వెళతారు, మేం తెల్లారకుండా వెళ్ళాం. ఆర్కే బీచి రోడ్డులో పొద్దున్నపూట కాసేపు బళ్ళు రానివ్వరు. రోడ్డంతా మనదే! ముసలివాళ్ళు నడుస్తుంటారు, పిల్లలు స్కేటింగ్ చేస్తుంటారు, ఒక చోట యోగా, ఒక చోట గుంపుగా నవ్వులు. సముద్రంలోంచి సూర్యుడు రావడం చూడటానికి ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు. సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళాలంటే టికెట్టుంది కానీ, ఇసకలో నిలబెట్టిన ఆ కురుసుర బయటినుంచే ఎంత పెద్దదో కనపడుతుంది. దగ్గర్లోనే 1971 యుద్ధం గుర్తుగా 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ స్తూపం ఉంది. కాళీమాత గుడి కూడా అక్కడే. డిసెంబరు 4 నేవీ డేకి ఇదే బీచిలో ఓడల విన్యాసాలు ఉచితంగా చూసేవాళ్ళం. 2023 నుంచి ఆ పండగ వేరే ఊళ్ళకి కూడా వెళుతోంది కనుక పేపరు చూసుకుని బయల్దేరండి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు వచ్చేవాళ్ళకి ఇంకో సంగతి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. అటవీ శాఖ వాళ్ళు వాటిని కంచె వేసి కాపాడి, పిల్లలయ్యాక పొద్దున్నే సముద్రంలోకి వదులుతారు. నేనొకసారి చూశాను. అరచేతిలో సగం కూడా లేని పిల్లలు, ఎవరూ దారి చెప్పకుండానే నీళ్ళ వైపు పాకుతాయి. అల వచ్చి వెనక్కి తోసేస్తుంది. మళ్ళీ పాకుతాయి.

ఒక్క హెచ్చరిక. ఇక్కడి సముద్రం చూడటానికే గానీ స్నానాలకి కాదు. పైకి నెమ్మదిగానే కనపడుతుంది, కాళ్ళ కింద ఇసకని లాగేస్తుంది. ఏటా ఎవరో ఒకరి పిల్లలు పోతూనే ఉన్నారు. పాదాలు తడుపుకోండి, మడమలు దాటనివ్వకండి. పిల్లాడి చెయ్యి వదలకండి.

తిండి విషయానికొస్తే, బీచిలో మురీ మిక్చర్ వాసనకి పెద్దవాళ్ళమే ఆగలేం, పిల్లలేం ఆగుతారు! నేను ఇంటి దగ్గరే తయారుచేసుకుని వెళ్ళాను. మరమరాలు కాస్త వెచ్చచేసి, వేయించిన వేరుశనగపప్పు, కారం, ఉప్పు, చిటికెడు పసుపు కలిపి ఒక డబ్బాలో పోసుకోవాలి. ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర సన్నగా తరిగి ఇంకో డబ్బాలో. నిమ్మకాయ విడిగా. బీచిలో కూర్చున్నాకే రెండూ కలపాలి. ముందే కలిపితే మెత్తబడి చద్దన్నంలా అవుతుంది. ఇంకా ఒక సీసా మంచినీళ్ళు తాగడానికి, ఒకటి కాళ్ళు కడుక్కోవడానికి. పిల్లల కాళ్ళకి ఇసక అంటుకుంటే కాస్త పౌడరు చల్లి పొడిగుడ్డతో దులపండి, ఇట్టే రాలిపోతుంది. పట్టుచీరలు, మెడలో గొలుసులు ఇంట్లోనే ఉంచండి. బయల్దేరేముందు బాత్‌రూముకి వెళ్ళి రండి. దారిలో అన్నిచోట్లా మనకి వసతి దొరకదు. సిగ్గుపడి చెప్పరు గానీ ఆడవాళ్ళ ప్రయాణంలో సగం దిగులు దీని గురించే.

నాలుగో రోజు భీమిలి. కాంప్లెక్సులో బస్సెక్కితే బీచి రోడ్డు మీదుగా పాతిక కిలోమీటర్లు దాకా ఉంటుంది. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం. తెన్నేటి పార్కు దగ్గర 2020 అక్టోబరులో గాలివానకి ఒక బంగ్లాదేశ్ ఓడ ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఊరంతా తిరనాళ్ళకి వచ్చినట్టు వచ్చి చూశారు. వదినకి అది చెబుతుంటే, బస్సులో ముందు సీటావిడ వెనక్కి తిరిగి “మా ఇంటి మేడ మీద నుంచి కనపడిందండీ!” అంటూ మిగతా కథ తనే చెప్పేసింది.

దారిలోనే ఎర్రమట్టి దిబ్బలున్నాయి. వేల ఏళ్ళ కింద సముద్రం, గాలి కలిసి పోసిన ఇసక అది. మన దగ్గర కాక తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ మాత్రమే ఇటువంటివి ఉన్నాయట. వాన నీళ్ళకి కోసుకుపోయి సందులు సందులుగా, కుంకుమ రాశులు పోసినట్టుంటాయి. సినిమాల్లో మీరు చూసే ఉంటారు. సాయంత్రం పొద్దుపోయాక లోపలికి వెళ్ళకండి, నలుగురూ కలిసి వెళ్ళండి. మట్టి తవ్వి ఇంటికి తేకండి. మేం బస్సులోంచే చూసి వెళ్ళిపోయాం.

భీమిలి చిన్న ఊరు. 1861లోనే మునిసిపాలిటీ అయిందంటే నమ్మరు. ఒకప్పుడు డచ్చివాళ్ళు వర్తకం చేసిన రేవు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, నల్లబడిపోయి, రాళ్ళ మీద అక్షరాలతో. దీపస్తంభం ఉంది, గంట స్తంభం ఉంది. వదినకి వాటి మీద ధ్యాస లేదు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటుకి తీసుకెళ్ళమన్నారు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి దూరి వచ్చిన నది ఇక్కడ కలుస్తుంది. ఎంత హడావిడిగా వస్తుందో అనుకుంటాం. చివర్లో నీళ్ళు నెమ్మదిగా, కదిలీ కదలనట్టు ఉంటాయి.

అక్కడ ఇసకలో దుప్పటి పరిచాను. పులిహోర, దద్దోజనం, ఊరమిరపకాయలు. పిల్లాడు గవ్వలేరుకుంటున్నాడు. వదిన చెప్పులు విప్పి, చీర కాస్త పైకి దోపుకుని నీళ్ళలో పాదాలు పెట్టి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు.

తర్వాత అన్నారు: “అప్పుడు వచ్చినప్పుడు నాకిదే కావాలనిపించిందమ్మాయ్. మీ అన్నయ్యగారికి సింగరేణిలో ఎప్పుడూ సెలవు దొరకదు, సముద్రం అంటే సినిమాలో చూడటమే. కాళ్ళు తడుపుకుని కూర్చుందామనుకున్నాను. మీరేమో ఆటో దింపడం, ఎక్కించడం. ఆ రోప్‌వేలో నేను కళ్ళు మూసుకునే ఉన్నాను, భయమేసి.”

నేను నవ్వాను. వదిన నవ్వలేదు.

“ఆ రాత్రి నువ్వు వంటింట్లో అన్నవి విన్నాను. నీ మీద కోపం కాదు. ఒక్కరోజు తిండికి తమ్ముడి ఇంట్లో చిట్టీ ఆగిపోయిందే అనిపించింది. మళ్ళీ ఎలా వస్తాను?”

నాకు నోట మాట రాలేదు. పదమూడేళ్ళు ఆవిడ నా మీద అలిగారనుకున్నాను, ఆవిడేమో మాకు బరువవుతానని రాలేదు. “తప్పయిపోయింది వదినా” అందామనుకున్నాను, గొంతు పట్టేసింది. ఊరమిరపకాయ ఇంకొకటి ఆవిడ పళ్ళెంలో వేశాను. “కారం ఎక్కువైంది, అయినా బాగుంది” అంటూ తిన్నారు. కళ్ళు తుడుచుకోవడానికి మా ఇద్దరికీ ఆ కారం సాకు దొరికింది.

ఇంటికొచ్చాక లెక్క రాసుకున్నాను. వదిన బస్సు టికెట్లు, కొబ్బరికాయలు, కొండ బస్సు, పిల్లాడికి బుడగ ఒకటి, మొక్కజొన్న పొత్తు ఒకటి (ఆ ఒక్కటీ నా వల్ల కాలేదు, వాడి ఏడుపు చూసి కొనేశాను). అన్నీ కలిపి 640 రూపాయలు. మావారు ఆ కాగితం చూసి రెండుసార్లు కూడారు.

రెండు రోజులు ఉందామన్నా ఉండిపొమ్మన్నాను గానీ, ఇంటి దగ్గర అన్నయ్యగారికి వండిపెట్టేవాళ్ళు లేరని బయల్దేరారు. నేనిప్పటికీ మంచం కింద ఊడిస్తే ఇసక వస్తోంది. పిల్లాడు మర్చిపోయిన గవ్వలు తులసికోట మీద పెట్టాను.

మొన్న ఫోన్ చేశారు వదిన. ఆషాఢంలో గిరి ప్రదక్షిణానికి వస్తారట. మోకాళ్ళకి ఇప్పటినుంచే నూనె రాస్తున్నారట. సగం నడిచినా పుణ్యమేనా అని అడిగారు. పెట్టేసే ముందు ఇంకో మాట అడిగారు: “అమ్మాయ్, ఆధార్‌లో మీ ఇంటి అడ్రసు రాయించుకుంటే నాకూ జీరో టికెట్టు ఇస్తారా?”